లినక్స్‌లో ఒక ప్రోగ్రాము ఎక్కించడానికి మేము పడ్డ పాట్లు
(సొసైటీ కంప్యూటరు గది ప్రారంభం రోజున చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. తెలుగులో మాట్లాడతాను గాని తెలుగులో ప్రసంగం చేయడం నాకు అలవాటు తక్కువ. కార్యదర్శి గారు మాత్రం "మాస్టారూ, ఇది సావనీరులో వేయాల్సింది, తెలుగులోనే చెప్పండి, అన్ని యిళ్ళలో చదువుతారు" అని పట్టుబట్టినారు. కనుక తప్పులు వస్తే అందులో సగం ఆయన ఖాతాలో వేయండి.

ఈ గదిలో ఉన్న ఎనిమిది కంప్యూటర్లు దాతలు యిచ్చినవి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ముగిసిపోయినది. ఆ తర్వాతి విండోస్ 11 ఎక్కాలంటే ఈ మిషన్ల వయస్సు చాలదు, అంటే ఎక్కువైపోయినది. పారేయడానికి మనసొప్పక మనకు యిచ్చినారు. వాటిలో లినక్స్ వేద్దామని నేను కార్యవర్గంలో చెప్పినప్పుడు ఒక పెద్దాయన "ఉచితంగా వచ్చేదాంట్లో ఎక్కడో ఒకచోట మెలిక ఉంటుంది మాస్టారూ" అన్నారు. ఆయన మాట పూర్తిగా తప్పని నేను అనను. నేనే ఆ మెలికలో చిక్కుకుని మూడేళ్ళు తిరిగినవాణ్ణి.

పోయిన నెల ట్రయలుగా నాలుగు మిషన్లు నడిపినాము. పదో తరగతి అమ్మాయి ఒకతె బొమ్మలు గీసే ప్రోగ్రామొకటి ఎక్కించబోయినది. "ప్యాకేజీ కనపడలేదు" అని ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చినది. రెండుసార్లు కొట్టినది, అదే వాక్యం. అప్పుడా పిల్ల నా దగ్గరకు వచ్చి మెల్లగా "సార్, మాకు ఇంగ్లీషు సరిగ్గా రాదు కాబట్టే కాలేదా?" అని అడిగినది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఈ రోజు నిలబడ్డాను. జవాబు కొంచెం పొడుగు.

లినక్స్‌ను మొదలుపెట్టినది ఫిన్లాండు దేశంలో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్. 1991 ఆగస్టులో, ఇరవై ఒక్క ఏళ్ళ వయస్సులో, తాను ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని లోకానికి తెలియజేసినాడు. కాని అతను రాసినది లోపలి గుండెకాయ మాత్రమే, దాన్ని కెర్నెల్ అంటారు. మిగతా సామానంతా ఎవరెవరో ఎక్కడెక్కడో తయారుచేసినది. వాటన్నిటినీ మూటకట్టి యిచ్చేవారు తర్వాత వచ్చినారు. 1993లో స్లాక్‌వేర్ వచ్చినది, అదే యేడు డెబియన్ మొదలైనది. స్లాక్‌వేర్ ఫ్లాపీల మీద వచ్చేది. ఒకటి రెండు కాదు, కట్టలు. పిల్లలు ఫ్లాపీ చూసి ఉండరు. అరచేతంత చదరపు బిళ్ళ, అందులో పట్టేది 1.44 మెగాబైట్లు. ఈనాడు మీరు ఫోనులో తీసే ఒక ఫోటో కూడా అందులో పట్టదు. కట్టలో పదకొండో ఫ్లాపీ చెడిపోయి ఉంటే ఆ పూట పని అంతటితో సరి.

నాకు లినక్స్ పరిచయమైనది డిగ్రీ చదివే రోజుల్లో, 2000 ప్రాంతంలో. ఒక కంప్యూటరు మాసపత్రికతో పాటు సీడీ వచ్చినది. నేను, నా స్నేహితుడొకడు, యిద్దరమూ ఉర్దూ మీడియం వాళ్ళమే, చెరి సగం వేసుకుని ఆ పత్రిక కొన్నాము. హైదరాబాదు కోఠీ ఫుట్‌పాత్ మీద యూనిక్స్ గురించిన పాత పుస్తకమొకటి బేరమాడి తెచ్చుకున్నాము. మాకు కంప్యూటరు లేదు. మా ఊళ్ళో శుభలేఖలు, హ్యాండు బిల్లులు చేసే డీటీపీ షాపు యజమాని మంచివారు. రాత్రి షాపు మూసిన తర్వాత ఒక మిషన్ వాడుకోమని తాళం చెవి మాకు యిచ్చేవారు. అందులో ఒక పక్క విండోస్, ఒక పక్క మా లినక్స్.

విండోస్‌లో ప్రోగ్రాము ఎక్కించడమంటే ఏమిటో అందరికీ తెలుసు. సీడీ పెట్టు, సెటప్ అన్న బొమ్మ మీద రెండుసార్లు నొక్కు, నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. అదే అలవాటుతో లినక్స్‌కు వచ్చినాము. మొదటి రాత్రి సీడీ పెడితే ఏమీ కనపడలేదు. సీడీని "మౌంట్" చేయాలట. పుస్తకం చూసి చేసినాము. పని అయినాక బొత్తం నొక్కితే డ్రైవు తలుపు తెరుచుకోలేదు! మళ్ళీ నొక్కినాము. చెడగొట్టినామని యిద్దరికీ చెమటలు పట్టినవి, షాపు వారిది గదా. సంగతేమంటే, మౌంట్ చేసినదాన్ని అన్‌మౌంట్ చేస్తే తప్ప తలుపు తెరవదు. అన్‌మౌంట్ చేస్తే "పరికరం పనిలో ఉన్నది" అంటుంది. ఎవరు పని చేస్తున్నారయ్యా అంటే మేమే, ఆ సీడీ డైరెక్టరీ లోపలే నిలబడి ఉన్నాము. బయటికి వచ్చి అన్‌మౌంట్ అంటే వెంటనే వచ్చినది. ఇంట్లో నిలబడి బయట తాళం వేయాలని చూసినట్టు.

ఆ రోజుల్లో చాలా ప్రోగ్రాములు మూలరూపంలో, అంటే సోర్స్ కోడుగా, మూట కట్టి వచ్చేవి. మూట విప్పి మూడు మాటలు కొట్టాలి: కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్. చెప్పడానికి కల్మంత తేలిక. మేము "కాన్ఫిగర్" అని కొట్టినాము. "అట్లాంటి కమాండు లేదు" అన్నది. ఫైలు ఎదురుగా కనపడుతున్నది, లేదంటున్నది! రెండు రాత్రులు పోయినవి. అసలు కొట్టవలసినది ముందు ఒక చుక్క, ఒక గీత, ఆ తర్వాత కాన్ఫిగర్. తాను నిలబడిన గదిలో వెదకడం యూనిక్స్‌కు అలవాటు లేదు, భద్రత కోసం అట్లా పెట్టినారు. కారణం మంచిదే. కాని ఆ కారణం చెప్పేవారెవరు? పుస్తకంలో చుక్క ఉన్నది. ముద్రణలో అది పేజీ మీది మరక అనుకున్నాము.

చుక్క సరిచేసినాక కాన్ఫిగర్ నడిచినది. గీతలు గీతలుగా ఏవో వచ్చి చివర "సీ కంపైలరు లేదు" అని ఆగినది. మేము లినక్స్ ఎక్కించేటప్పుడు జాగా తక్కువని కంపైలరు వదిలేసినాము. అదీ వేసినాము. ఇప్పుడు ఫలానా లైబ్రరీ లేదన్నది. సీడీలో వెదికి చూస్తే ఆ లైబ్రరీ ఎప్పుడో ఎక్కి ఉన్నది. ఉన్నదాన్ని లేదంటుంది, నేనేం చేయను?

ఇక్కడ ఈ లైబ్రరీ అనే మాట విప్పి చెప్పాలి, కష్టానికి మూలం అక్కడున్నది.

మన సొసైటీ కొట్టులో దేగులు ఉన్నవి, శామియానా ఉన్నది. ఏ యింట్లో పెండ్లి వచ్చినా వారు దేగులు కొనరు, ఇక్కడి నుంచి తీసుకుపోతారు. ఊరంతటికీ కొన్ని దేగులు చాలు. కంప్యూటరులో లైబ్రరీ అట్లాంటిదే. అక్షరాలు తెర మీద గీయడం, బొమ్మ తెరవడం, ఫైలు కుదించడం వంటి పనులు అన్ని ప్రోగ్రాములకూ కావాలి. ప్రతి ప్రోగ్రాము తన దేగు తాను మోసుకొచ్చే బదులు, అందరికీ ఒకటే దేగు ఉమ్మడిగా పెట్టుకున్నారు. డిస్కు, మెమరీ ఖరీదుగా ఉన్న కాలంలో అది ఎంతో తెలివైన ఏర్పాటు. ఒక దేగుకు చిల్లు పడితే ఒక్కచోట మాటు వేస్తే అందరికీ బాగైపోతుంది.

చిక్కెక్కడ వస్తుందంటే, ఒక యింటి వంటవాడు "నాకు నలభై కిలోల దేగే కావాలి, పాత మూత కాదు, కొత్త మూత ఉండాలి" అంటాడు. కొట్టులో ముప్పై కిలోల దేగున్నది. దాన్ని తీసి కొత్తది పెడితే పాత దేగుకు అలవాటైన నలుగురు వంటవాళ్ళ పని ఆగుతుంది. మేము ఉన్నదాన్ని లేదన్నదని ఏడ్చినది మరొక రకం: కొట్టులో దేగు ఉన్నది, కాని కొట్టు రిజిస్టరు లేదు. తయారైన ప్రోగ్రాము నడవడానికి దేగు చాలు. సోర్స్ నుంచి కొత్తగా తయారు చేయాలంటే ఏ దేగు ఎంత, ఏ వైపు పట్టుకోవాలి అని రాసిన రిజిస్టరు కూడా కావాలి. ఆ రిజిస్టరును "డెవెల్" అనే పేరుతో వేరే ప్యాకేజీగా పెట్టేవారు. లైబ్రరీ పేరు చివర డెవెల్ అని ఉన్నది కూడా ఎక్కించమని ఒక్క వాక్యం ఆ తెర మీద వచ్చి ఉంటే మా రెండు వారాలు మిగిలేవి.

న్యాయంగా చెప్పాలి గనుక చెబుతున్నాను, విండోస్‌లో ఈ బాధ లేదనుకోవద్దు. అక్కడా ఉమ్మడి ఫైళ్ళుండేవి, డీఎల్ఎల్ అంటారు. ఒక ప్రోగ్రాము వచ్చి తన పాత డీఎల్ఎల్‌ను కొత్తదాని మీద రాసేసి పోతే మరో ప్రోగ్రాము చచ్చిపోయేది. దాన్ని ఇంగ్లీషువాళ్ళు డీఎల్ఎల్ నరకమని పిలిచినారు. తేడా ఏమంటే విండోస్ ముందు ఎక్కించి తర్వాత ఏడ్పిస్తుంది, లినక్స్ ముందే గుమ్మంలో ఆపి అడుగుతుంది.

సోర్స్ బాధ తప్పించడానికి తయారైన ప్యాకేజీలు వచ్చినవి. రెడ్‌హ్యాట్ వారిది ఆర్‌పీఎమ్, డెబియన్ వారిది డెబ్. పెట్టెలో వండిన అన్నం పెట్టి పంపినట్టు. కాని పెట్టె తెరవబోతే "దీనికి ఫలానా లైబ్రరీ కావాలి" అని పట్టీ వచ్చేది. దాన్ని తెస్తే దానికి ఇంకో రెండు కావాలి. కొన్నిసార్లు మొదటిది రెండోదాన్ని అడుగుతుంది, రెండోది మొదటిదాన్ని అడుగుతుంది. దాన్ని చూసి మేము కాగితం మీద బాణాలు గీసుకుని నవ్వుకున్నాము, తర్వాత ఏడ్చినాము. రెండింటి పేర్లూ ఒకే కమాండులో పక్కపక్కన రాస్తే రెండూ కలిసి ఎక్కుతాయి. ఇంత చిన్న మాట! నాకు తెలిసేసరికి సంవత్సరం పట్టినది. రెడ్‌హ్యాట్ 6.2 నుంచి 7కు మారే రోజుల్లో ఇంకో వింత. కొత్త ఆర్‌పీఎమ్ పెట్టెలను పాత ఆర్‌పీఎమ్ పనిముట్టు తెరవలేదు. పెట్టె తెరిచే కత్తి ముందు కొత్తది తెచ్చుకోవాలన్న మాట.

తెచ్చుకోవడమంటే ఎక్కడి నుంచి? ఇంటర్నెట్ నుంచి. మా మిషన్‌లో ఉన్న మోడెమ్ చవక రకం. దాని పనిలో చాలా భాగం విండోసే చేసిపెట్టాలి. అందుకే వాటికి విన్‌మోడెమ్ అని పేరు. లినక్స్‌లో అది ప్రాణం లేని బొమ్మ. దానికి డ్రైవరు కావాలి. డ్రైవరు ఇంటర్నెట్‌లో ఉన్నది. ఇంటర్నెట్ కావాలంటే మోడెమ్ పని చేయాలి. కనుక గంటకింత అని డబ్బు కట్టి నెట్ సెంటరులో దింపుకుని, నాలుగు మెగాబైట్ల ఫైలును ముక్కలు చేసి మూడు ఫ్లాపీల్లో తెచ్చేవాళ్ళం. సైకిలు మీద జేబులో ఫ్లాపీలు పెట్టుకుని వస్తుంటే ఎండకు అవి చెడతాయని నా స్నేహితుడు రుమాలు చుట్టేవాడు. మూడోది ఎప్పుడూ చెడేది. ఎందుకో మూడోదే.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న అసలు విషయానికి వస్తాను. నేను దీన్ని ఇంతవరకు సభలో చెప్పలేదు.

ఉర్దూ అక్షరాలు చూపగల ఒక ఎడిటరు ఉన్నదని చదివినాము. కుడి నుంచి ఎడమకు రాయవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. మా యిద్దరికీ పిచ్చెక్కింది. బడుల ప్రశ్నపత్రాలు చేతితో రాసి సైక్లోస్టయిల్ తీసే రోజులు పూర్తిగా పోలేదు. ప్యాకేజీ తెచ్చినాము. దానికి జీలిబ్‌సీ 2.2 కావాలన్నది. మా దగ్గర ఉన్నది 2.1. జీలిబ్‌సీ అంటే దేగులన్నిటిలో పెద్ద దేగు. సిస్టమ్‌లో దాదాపు ప్రతి కమాండూ దాని మీదనే బతుకుతుంది. అది మాకు తెలియదు. ఒక లైబ్రరీ తక్కువైతే తెచ్చి పెట్టుకోవడమే గదా అనుకున్నాను. కాలేజీలో ఇంకో మిషన్ నుంచి ఆ ఫైలు ఒక్కటీ ఫ్లాపీలో తెచ్చి, "పాతదాని మీద కాపీ కొట్టు" అని నేను చెప్పినాను. కీబోర్డు ముందు కూర్చున్నది వాడు. "ఏమీ కాదు గదా భాయ్?" అని అడిగినాడు. "ఏమీ కాదు, కొట్టు" అన్నాను.

కొట్టినాడు. ఆ తర్వాత ఏ కమాండు కొట్టినా ఒకటే చావు. ఫైళ్ళ జాబితా చూపే కమాండు లేదు, పాత ఫైలు వెనక్కి పెట్టుకుందామంటే కాపీ చేసే కమాండే చచ్చిపోయినది. మిషన్ ఆపి మళ్ళీ వేసినాము. "కెర్నెల్ ప్యానిక్" అని ఆగిపోయినది. రాత్రి పన్నెండు దాటినది. భయంతో సీడీ పెట్టి లినక్స్ మొత్తం మళ్ళీ ఎక్కించబోయినాము. డిస్కు భాగాలు చేసే తెర వచ్చినది. ఆ తెర మీద ఏది నొక్కితే ఏమవుతుందో మాకు సగమే తెలుసు. నొక్కినాము. విండోస్ పక్క కూడా తుడిచిపెట్టుకుపోయినది. అందులో ఆ సీజను శుభలేఖలన్నీ ఉన్నవి.

ప్రొద్దున యజమాని తిట్టలేదు. "ఎవరు చేసినారు?" అని అడిగినారు. నా స్నేహితుడు "నేనే కొట్టినాను" అన్నాడు. అది నిజమే, వేలు వాడిది. నేను నోరు మెదపలేదు. ఆయన చెయ్యి చాపినారు, వాడు తాళం చెవి యిచ్చేసినాడు. ఆ పై వారం వాడు కంప్యూటరు కోర్సు మానేసినాడు. "ఇది మనలాంటి వాళ్ళ పని కాదు భాయ్, మనకు బుర్ర చాలదు" అన్నాడు. లెక్కల్లో వాడు నాకంటే ఎప్పుడూ పది మార్కులు ఎక్కువ. వాడు బాగానే ఉన్నాడు, వ్యాపారం చేసుకుంటున్నాడు, పిల్లలు స్థిరపడ్డారు. కాని ఈనాటికీ ఫోనులో ఏదైనా కొత్తది ఎక్కించాలంటే కొడుకు చేతికి యిస్తాడు. తాను తాకడు.

ఇంకో తప్పు కూడా చెప్పి ఈ ముచ్చట ముగిస్తాను. మూడేళ్ళు కిందా మీదా పడ్డాక నాకు కొంచెం వచ్చినది. వచ్చినవాడికి కొమ్ములు వస్తాయి. ఆ రోజుల్లో లినక్స్ తెలిసినవాళ్ళు కొత్తవాడు ఏమడిగినా "మాన్యువల్ చదువు" అని కసిరేవారు, ఇంకా ముతకగా కూడా అనేవారు. నన్నూ అన్నారు. ఒక జూనియరు కాన్ఫిగర్ రాలేదని కాగితం పట్టుకుని నా దగ్గరకొస్తే నేను అదే మాట అన్నాను, ఇంగ్లీషులో. ఆ కాగితం మీద ఏముందో చూడలేదు. బహుశా ఆ చుక్కే అయి ఉంటుంది. వాడు మళ్ళీ రాలేదు.

ఈ కాలంలోనే ఎందరో మంచివాళ్ళు హౌటూ అని పేరు పెట్టి తాము పడ్డ కష్టాన్ని అడుగడుగునా రాసిపెట్టి ఉచితంగా యిచ్చినారన్నది కూడా నిజం. వాటితోనే నేను నిలబడ్డాను.

తర్వాత దారి సుగమమైనది. 1999 మార్చిలో వచ్చిన డెబియన్ 2.1లో ఆప్ట్ అనే కొట్టు గుమాస్తా వచ్చినాడు. కావలసిన ప్రోగ్రాము పేరు చెబితే దానికి కావలసిన దేగులు, ఆ దేగులకు కావలసిన మూతలు అన్నీ తానే లెక్కగట్టి తెచ్చిపెడతాడు. ఆర్‌పీఎమ్ వైపు యమ్ వంటివి వచ్చినవి, 2003 నవంబరులో ఫెడోరా మొదటి విడుదలలోనే అది ఉన్నది. 2004 అక్టోబరులో ఉబుంటు వచ్చినది. వారు అడిగినవారికి పోస్టులో సీడీలు పైసా లేకుండా పంపేవారు. విదేశీ స్టాంపుతో కవరు వచ్చినప్పుడు మా పోస్ట్‌మ్యాన్ "గల్ఫ్ నుంచా సార్?" అని అడిగినాడు. ఈనాడు మీ జేబుల్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోను లోపల నడిచేదీ లినక్స్ కెర్నెలే. ఒక్కసారి నొక్కితే ఆప్ ఎక్కే ఆ దుకాణం కూడా ఆ గుమాస్తా వంశంలోనిదే. ఇప్పుడు స్నాప్ అని, ఫ్లాట్‌ప్యాక్ అని కొత్త పద్ధతులున్నవి. అందులో ప్రోగ్రాములు తమ దేగులు చాలావరకు తామే మోసుకొస్తాయి. డిస్కు చవకైనది గదా. జాగా ఎక్కువ తింటాయి, పోట్లాట తక్కువ.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. అమ్మా, నీకు ఇంగ్లీషు రాకపోవడం వల్ల కాలేదు. ఇంగ్లీషులో పుట్టి పెరిగినవాడు కూడా ఆ వాక్యం దగ్గర ఆగుతాడు. గుమాస్తా దగ్గర కొట్టు జాబితా కొత్త మిషన్‌లో ఇంకా రాలేదు. ముందు "ఆప్ట్ అప్‌డేట్" అని కొట్టి జాబితా తెప్పించి తర్వాత పేరు అడగాలి. నువ్వు తప్పు చేయలేదు, నేను ఆ మొదటి మెట్టు గోడ మీద రాయడం మరిచినాను. ఇప్పుడు రాసినాను, తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి.

గది ప్రతి ఆదివారం నాలుగు గంటల నుంచి ఏడు వరకు తెరిచి ఉంటుంది. పిల్లలు తలా ఒక నోటు పుస్తకం తెచ్చుకోండి. ఎర్రరు వస్తే తెర మీది చివరి వాక్యం కాదు, మొట్టమొదట వచ్చిన ఎర్రరు వాక్యం చూసి రాసుకోండి. చివర వచ్చేది సాధారణంగా "పని ఆగినది" అనే కబురే, ఎందుకు ఆగినదో పైన ఉంటుంది. అర్థం కాకపోయినా అక్షరం అక్షరం రాయండి, చుక్కలతో సహా. ఆ కాగితం నేను చూస్తాను. నాకు రాకపోతే ఇద్దరం కలిసి వెదుకుదాం.

మూల ఉన్న ఎనిమిదో మిషన్ మీద ఏమి ప్రయోగం చేసినా ఎవరూ ఏమీ అనరు. అందులో ఎవరి శుభలేఖలూ లేవు. దాన్ని మళ్ళీ మొదటి నుంచి ఎక్కించడానికి కావలసిన పెన్ డ్రైవు కీబోర్డు పక్కనే దారంతో కట్టి పెట్టినాను. గది తాళం చెవులు రెండు చేయించినాము. ఒకటి కార్యదర్శి గారి దగ్గర ఉంటుంది. రెండోది నా స్నేహితుని దగ్గర ఉంటుంది. ఇరవై ఏళ్ళ పైచిలుకు తర్వాత నిన్న సాయంత్రం వాడి దుకాణానికి వెళ్ళి, ఆ రాత్రి ఎవరు కొట్టమన్నారో ఆ యజమానికి నేను చెప్పలేదని ఒప్పుకుని, చెవి వాడి చేతిలో పెట్టి వచ్చినాను. "దుకాణం మూసినాక వస్తాలే" అన్నాడు.